కర్రీ పాయింటుకు కార్డు మెషిన్ తీసుకునే ముందు

అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కర్రీ పాయింట్ పెట్టబోతున్న ఒక చెల్లెలు అడిగింది: "హైదరాబాద్‌లో మా అన్నయ్య కొట్టులో క్యూఆర్ కోడ్ అంటించాం, అంతే. ఇక్కడేమో ప్రతి బిల్లులో మూడు శాతం దాకా పోతుందంటున్నారు. ఆ డబ్బంతా ఎవరికండీ?"

అక్కడ మామూలు యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర ఛార్జీ తీసుకోకూడదని 2020 జనవరి నుంచి ప్రభుత్వ నియమం ఉందమ్మా. ఇక్కడ అలా కాదు. మీ నుంచి పోయే సొమ్ము ముగ్గురు పంచుకుంటారు. సాధారణంగా పెద్ద వాటా కస్టమర్‌కు కార్డు ఇచ్చిన బ్యాంకుది, దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కులకు వెళ్లేది కొంచెమే. మిగిలింది మీకు ఖాతా తెరిచి, డబ్బు జమచేసే ప్రాసెసర్‌ది. చిన్న కొట్టువాళ్లు బేరమాడగలిగేది ఈ మూడో వాటా దగ్గరే. రివార్డ్ కార్డులకు ఇంటర్‌చేంజ్ ఎక్కువ. అంటే మనవాళ్లు పాయింట్లతో ఇండియా టికెట్ కొన్నామని మురిసిపోతుంటే, అందులో కొంత మీలాంటి కొట్టువాళ్లు కట్టిందే.

అసలు తేడా డెబిట్ కార్డుల దగ్గర ఉంది. 1000 కోట్ల డాలర్లు, ఆపైన ఆస్తులున్న బ్యాంకుల డెబిట్ కార్డుల ఇంటర్‌చేంజ్‌కు 2011లో ఒక పరిమితి వచ్చింది: 21 సెంట్లు, బిల్లులో 0.05 శాతం, మోసాల నివారణ పేరుతో ఇంకో సెంటు. 600 డాలర్ల క్యాటరింగ్ ఆర్డర్‌కు ఈ లెక్కన బ్యాంకుకు వెళ్లేది 52 సెంట్లు. మీరు అన్ని కార్డులకూ ఒకే రేటు, ఉదాహరణకు 2.6 శాతం ప్లస్ 15 సెంట్లు, అనే ప్లాన్‌లో ఉంటే 15 డాలర్ల 75 సెంట్లు కడతారు. మిగతాదాంట్లో చాలావరకు ప్రాసెసర్ జేబులోకే. మూడు డాలర్ల టీ దగ్గర మాత్రం కథ వేరు. అదే ప్లాన్‌లో 23 సెంట్లు పోతాయి, డెబిట్ ఇంటర్‌చేంజ్ కూడా 22 సెంట్ల పైనే. అందుకే టీ, సమోసాలే ఎక్కువగా అమ్మేవాళ్లకు ఒకే రేటు ప్లాన్ పెద్ద నష్టమేమీ కాదు. క్యాటరింగ్, కిరాణా పెద్దగా ఉంటే ‘ఇంటర్‌చేంజ్ ప్లస్’ అడగండి. బ్యాంకుకు, నెట్‌వర్కుకు ఎంతైతే అంత, దాని మీద ప్రాసెసర్ కమీషన్ విడిగా కనిపిస్తుంది.

క్వాలిఫైడ్, నాన్-క్వాలిఫైడ్ అని రకాలు చెప్పే ప్లాన్ల జోలికి నేనైతే వెళ్లను. ఏ కార్డు ఏ రకంలో పడుతుందో, దానికి ఏ రేటో ప్రాసెసర్లే తేలుస్తారు.

చిల్లర బిల్లుల గురించి టెన్షన్ పడకండి. క్రెడిట్ కార్డుకు కనీస బిల్లు 10 డాలర్ల దాకా పెట్టుకోవచ్చని 2010 నాటి ఫెడరల్ చట్టమే చెప్పింది. డెబిట్‌కు ఆ వెసులుబాటు లేదు. సర్‌ఛార్జి, అంటే కార్డుతో కడితే బిల్లు మీద వేసే అదనపు రుసుము, కూడా డెబిట్ కార్డు మీద వేయకూడదు. క్రెడిట్ మీద వేయాలన్నా ముందు మీ రాష్ట్రం నిబంధనలు చూసుకోండి.

ఇక ‘మనవాడే’ అని వచ్చే ఏజెంటు సంగతి. రేటు తగ్గించి చెప్పి, మెషిన్‌ను నాలుగేళ్ల లీజుకు కట్టబెట్టేవాళ్లున్నారు. కొట్టు మూసేసినా ఆ లీజు ఆగదు. మెషిన్ కొనుక్కోండి. నెలవారీ కనీస ఫీజు, పీసీఐ (కార్డు వివరాల భద్రతా ప్రమాణాల) ఫీజు, మధ్యలో మానేస్తే కట్టాల్సింది, చార్జ్‌బ్యాక్ (కస్టమర్ అభ్యంతరం చెబితే బ్యాంకు డబ్బు వెనక్కి తీసుకోవడం) ఒక్కోదానికి ఎంత, ఇవన్నీ సంతకానికి ముందే రాయించుకోండి. మొదటి స్టేట్‌మెంట్ రాగానే మొత్తం ఫీజులను మొత్తం కార్డు అమ్మకాలతో భాగించి చూడండి. వాళ్లు చెప్పిన రేటుకూ దానికీ బాగా తేడా ఉంటే, ఏ లైను కింద పెరిగిందో ఫోన్ చేసి అడగండి.