కొత్తగా తెరిచిన వియత్నాం శాండ్‌విచ్ షాపుకి శాకాహారులైన అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా తీసుకెళ్లండి. అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో మీ ఇంటి దగ్గర కొత్తగా వియత్నాం శాండ్‌విచ్, కాఫీ షాపు తెరిచారనీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మాంసం ముట్టరనీ, అక్కడ వాళ్లకు ఏమైనా దొరుకుతుందా అనీ అడిగారు. మా వైపు కూడా ఈమధ్యే అలాంటి షాపు ఒకటి మొదలైంది. మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. అమ్మ గుడ్డు కూడా తినదు. ఇద్దరినీ తీసుకెళ్లాను. ఇప్పుడు శనివారం వస్తే వాళ్లే అడిగి మరీ బయల్దేరుతున్నారు.

ముందు కాఫీ గురించి చెప్తాను. మనవాళ్లకు అక్కడ బాగా నచ్చేది అదే. గ్లాసు మీద ఫిన్ అనే చిన్న స్టీలు ఫిల్టర్ పెట్టి, పొడి మీద చిల్లుల పళ్లెం అదిమి, వేడినీళ్లు పోస్తారు. నాలుగైదు నిమిషాల్లో చుక్క చుక్కగా చిక్కటి డికాషన్ దిగుతుంది. అడుగున ముందే పోసిన మిల్క్‌మెయిడ్ లాంటి తియ్యటి చిక్కపాలు ఉంటాయి. కలిపి ఐస్ వేస్తే అదే కా ఫే సువా డా. ఫ్రెంచివాళ్ల కాలంలో అక్కడ తాజా పాలు సరిగా దొరక్క డబ్బా పాలు అలవాటయ్యాయి. నాన్న ఐస్ వద్దని వేడిగా తాగి, "ఇది మన డికాషనే కదమ్మా, కాస్త ముదురుగా దిగిందంతే" అన్నారు.

ఆయన మాటలో నిజం ఉంది. వియత్నాంలో పండేది ఎక్కువగా రోబస్టా రకం కాఫీ. ప్రపంచంలో రోబస్టా పండించడంలో ఆ దేశానిదే మొదటి స్థానం, మొత్తం కాఫీలో బ్రెజిల్ తర్వాత రెండోది. మన దేశంలోనూ అరబికా కంటే రోబస్టానే ఎక్కువ పండుతుంది (అరకు కాఫీ మాత్రం అరబికా). ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. 1975లో యుద్ధం ముగిశాక అమెరికా వచ్చిన వియత్నాం కుటుంబాలు తమ ఊరి ముదురు రుచి కోసం వెతుక్కుని, న్యూ ఆర్లీన్స్‌లోని కఫే డు మోండ్ చికోరీ కాఫీ డబ్బాలను పట్టుకున్నాయి. ఇక్కడి చాలా వియత్నాం షాపుల్లో ఇప్పటికీ ఆ నారింజ రంగు డబ్బాలు కనిపిస్తాయి. చికోరీ కలిసిన కాఫీతో పెరిగిన మన పెద్దవాళ్లకు ఆ రుచి కొత్తగా అనిపించకపోవడంలో వింతేముంది!

ఒక జాగ్రత్త. రోబస్టాలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. సాయంత్రం తాగితే పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. షుగర్ ఉంటే చిక్కపాలు సగమే పోయమని ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎగ్ కాఫీ అని ఉంటే అది పచ్చసొన గిలక్కొట్టి పైన వేసేది. 1946లో హనోయ్‌లో పాలకు కటకట వచ్చినప్పుడు పుట్టింది. మీవాళ్లు గుడ్డు తినకపోతే సాల్ట్ కాఫీ తీసుకోండి. ఉప్పు కలిపిన క్రీమ్ నురగతో వస్తుంది, మా అమ్మకు అదే నచ్చింది.

ఇక శాండ్‌విచ్, అంటే బాన్ మీ. ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. మామూలు బాన్ మీలో లివర్‌తో చేసిన పాటే అనే మెత్తటి ముద్ద రాస్తారు, గుడ్డుసొనతో చేసిన మయోనైజ్ రాస్తారు, టోఫుని (సోయా పనీర్‌ని) కూడా కొన్నిచోట్ల ఫిష్ సాస్‌లో నానబెడతారు. అందుకని "వెజ్" అని చెప్పి వదిలేస్తే చాలదు. పాటే వద్దు, మయో వద్దు, ఫిష్ సాస్ వద్దు అని మూడూ విడివిడిగా చెప్పండి, కత్తి కడిగి కోయమనండి. బోర్డు మీద "చాయ్" (chay, మన టీ కాదు, వియత్నాం భాషలో శాకాహారం అని) అని రాసి ఉన్నవి శాకాహారమే, కానీ మయో సంగతి వాటికి కూడా అడగండి. వియత్నాంలో చాలామంది బౌద్ధులు చాంద్రమాన మాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, మాంసం మానేస్తారు. కొందరు వెల్లుల్లి, ఉల్లి కూడా. అందుకే కౌంటర్ దగ్గరున్న పెద్దావిడకు మా అమ్మ పద్ధతి విడమరిచి చెప్పాల్సిన పనే పడలేదు. ఇద్దరికీ భాష కలవదు, అయినా ఆవిడ టోఫు ముక్క ఒకటి రుచి చూడమని చేతిలో పెట్టింది.

రుచి విషయానికొస్తే, నిమ్మగడ్డి వేసి వేయించిన టోఫు, వెనిగర్‌లో ఊరిన ముల్లంగి, క్యారట్, కీరా, కొత్తిమీర, పచ్చిమిర్చి. మాంసం లేదని వెలితిగా అనిపించదు, ఎందుకంటే ప్రాణమంతా ఆ పులుపూ కారంలోనూ రొట్టెలోనూ ఉంది. రొట్టె పైపొర పలచగా, కొరకగానే పెళపెళలాడుతూ టేబుల్ నిండా పొట్టు రాలాలి, లోపల తేలిగ్గా గుల్లగా ఉండాలి. సాగుతూ ఉంటే పాతదే. రొట్టెను ఫ్రెంచివాళ్లు తెచ్చారు కానీ, ఇలా చేత్తో పట్టుకుని తినే బాన్ మీ సైగాన్‌లో తయారైంది. 1954లో దేశం రెండైనప్పుడు హనోయ్ నుంచి దక్షిణానికి వచ్చిన ఒక జంట 1958లో హోవా మా అనే దుకాణం పెట్టి, హడావిడిగా పనికి పోయేవాళ్ల కోసం రొట్టెలోనే అన్నీ కూరి ఇచ్చారు. ఆ దుకాణం సైగాన్‌లో ఇప్పటికీ ఉంది. మన శాన్ హోజేలో లీస్ శాండ్‌విచెస్ 1983లో మొదలైంది. వియత్నాం బయట వియత్నాం మూలాలున్నవాళ్లు ఇంతమంది ఉన్న నగరం ఇంకోటి లేదు, కాబట్టి కొత్త షాపు నిలబడాలంటే రొట్టె నిజంగా బాగుండాల్సిందే.

మేం వెళ్లిన చోట ఊరగాయ ముక్కల్లో తీపి కొంచెం ఎక్కువైంది, మధ్యాహ్నం దాటితే రొట్టె అయిపోతోంది. కొత్త షాపు కదా, ఇంకా లెక్క కుదరలేదు. మీరు ఉదయం పది లోపు వెళ్లండి, రొట్టె అక్కడే కాలుస్తున్నారా, ఏ వేళకు పొయ్యి నుంచి దిగుతుందో కనుక్కోండి. ఒక శాండ్‌విచ్ ఇద్దరు పెద్దవాళ్లకు సరిపోతుంది. పచ్చిమిర్చి హాలపీన్యో అనే తక్కువ కారం రకం కాబట్టి మన గుంటూరువాళ్లకు చాలదు, అదనంగా వేయమనండి. ఇంటికి పట్టుకెళ్తే ఊరిన ముక్కలు వేరే డబ్బాలో అడగండి, లేకపోతే ఇల్లు చేరేసరికి రొట్టె నానిపోతుంది.