లైన్ కోచ్ జట్టు మారితే అతని ప్రభావాన్ని ఎక్కడ చూడాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరేవాణ్ణి, కాపాడే లైన్‌కు కోచ్ అయిన బిల్ క్యాలహాన్ 2024లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను వదిలి, అప్పుడు కొడుకు బ్రయన్ హెడ్ కోచ్‌గా ఉన్న టెనెస్సీ టైటన్స్‌కు వెళ్లారు కదా, ఆ ఏడాది రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లు ఎన్నిసార్లు శాక్ అయ్యారో (బంతి విసరకముందే ఎదుటివారికి చిక్కి పడిపోయారో) లెక్కవేసి ఆయన ప్రభావాన్ని తేల్చవచ్చా అని అడిగారు. తేల్చలేమనే నా అభిప్రాయం. అమెరికన్ ఫుట్‌బాల్‌ను నేను అక్కడున్న మా తమ్ముడి వల్ల అలవాటై చూస్తున్నవాణ్ణే గాని ఆడినవాణ్ణి కాను. అయితే కోచ్ వెళ్లిపోతే ఏం పోతుందో, ఏం మిగులుతుందో అమలాపురం దగ్గర మా ఊరి కబడ్డీ జట్టులో లెఫ్ట్ కార్నర్‌గా ఆడుతూ అనుభవించాను.

మాకు పట్టు మాత్రమే నేర్పే మాస్టారు ఒకరుండేవారు. కూతకు వచ్చినవాడి ముఖం చూడవద్దని, పాదం ఎప్పుడు లేస్తుందో చూడమని, మడమ ఆనకుండా మునివేళ్ల మీద నిలబడమని చెప్పి, నా మడమ కింద ఎండు కొబ్బరాకు వేసి, అది చప్పుడు చేస్తే మళ్లీ మొదటినుంచి చేయించేవారు. ఆయన వశిష్ఠ పాయ దాటి నరసాపురం వైపు ఒక జట్టుకు వెళ్లిన ఏడాది సంక్రాంతి పోటీల్లో మేము మొదటి ఆటలోనే ఓడిపోయాము, ఆయన కొత్త జట్టు కప్పు గెలిచింది. అంతా మాస్టారి చలవేనని ఊరంతా అనుకున్నారు. కాని అదే ఏడాది మా మంచి రైడర్లిద్దరూ ఉద్యోగాలకు హైదరాబాద్ వెళ్లిపోవడం వల్ల ఎదుటి జట్టు ఎప్పుడూ పాయింట్లలో ముందుండి, తొందర లేకుండా కూతకు వచ్చేది. తొందరలేని రైడర్‌ను పట్టడం ఏ కార్నర్‌కైనా కష్టమే. ఆయన నేర్పిన నిలకడ మా పాదాల్లో ఇంకో రెండేళ్లు ఉంది. అది లేనిది మా తరువాత వచ్చిన కుర్రాళ్లలో, అసలు నష్టం అక్కడ కనబడింది.

బ్రౌన్స్ విషయమూ ఇలాగే చూడాలి. 2024లో వారి క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ గాయపడేలోగా 7 ఆటల్లో 33 సార్లు శాక్ అయ్యాడు. అందులో బంతిని ఎక్కువసేపు పట్టుకునే అతని అలవాటు ఎంత, 2023 మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిన్న జాక్ కాంక్లిన్ వంటి లైన్ ఆటగాళ్ల గాయాలు ఎంత, కోచ్ లేకపోవడం ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. అటు టైటన్స్‌లో డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, 7వ ఎంపికగా వచ్చిన లైన్ ఆటగాడు జేసీ లేథమ్‌ను, కాలేజీలో కుడివైపు ఆడినవాణ్ణి, ఎడమవైపు నిలబెట్టారు. మనిషీ మారి, చోటూ మారిన తరువాత మార్పును కోచ్ ఖాతాలో ఎలా వేస్తాము?

అందుకే నేను ఒకే ఆటగాణ్ణి కోచ్ రాకముందూ, వచ్చాకా చూస్తాను. లైన్ ఆటగాడు వయట్ టెల్లర్‌ను 2018లో బఫలో జట్టు డ్రాఫ్ట్ 5వ రౌండులో తీసుకుని, మరుసటి ఏడాదే బ్రౌన్స్‌కు ఇచ్చేసింది. 2020లో క్యాలహాన్ చేతికింద అతను ఆల్-ప్రో (ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ల జాబితా) రెండో జట్టులోకి ఎక్కాడు. నాకు ఇది శాక్‌ల లెక్కకన్నా గట్టి సాక్ష్యం. ఇందులోనూ, అదే ఏడాది బ్రౌన్స్ హెడ్ కోచ్‌గా వచ్చిన కెవిన్ స్టెఫాన్‌స్కీ పరుగు ఆట (బంతి విసరకుండా పట్టుకుని పరుగెత్తే ఆట) పద్ధతికి కొంత వాటా ఇవ్వాలి. టైటన్స్‌లో అలాంటి మనిషి పీటర్ స్కొరాన్‌స్కీ: క్యాలహాన్ రాకముందే, 2023లోనే ఉన్నాడు, రెండేళ్లూ ఎడమ గార్డ్‌గానే (లైన్ మధ్యవాడికి ఎడమపక్కన నిలబడేవాడిగా) ఆడాడు. అతని 2023, 2024 ఆటలను పక్కపక్కన పెట్టుకుని, బంతి కదిలిన తొలి క్షణంలో అతని పాదాలు ఎలా పడుతున్నాయో, చేతులు ఎదుటివాడి ఛాతీని ఎక్కడ అందుకుంటున్నాయో చూడండి.