ఫ్యాక్టరీ సరే, ఆ నేల ఏమవుతోంది?

ప్రశ్న: మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయిందండి. మా నాన్నగారు అందులో ఫిట్టర్‌గా చేశారు. క్రషింగ్ సీజన్‌లో సెంటర్లో టీ కొట్లు తెల్లవార్లూ తెరిచుండేవి, ఇప్పుడు రాత్రి తొమ్మిదికే అంతా ఖాళీ. కుర్రాళ్లంతా హైదరాబాద్ వెళ్లిపోయారు. కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది కదా, ప్రభుత్వం రాయితీలిస్తే మా ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుందా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కష్టమేనండి. మీకు లేనిపోని ఆశ పెట్టలేను. చక్కెర ఫ్యాక్టరీకి యంత్రాలకన్నా ముందు చుట్టుపక్కల చెరకు ఉండాలి, ఎందుకంటే నరికిన చెరకు ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే పంచదార శాతం పడిపోతుంది, దూరం నుంచి లారీల్లో తెచ్చుకుంటే గిట్టదు. మన డెల్టాలో కోత కూలీలు దొరక్క, ఫ్యాక్టరీల నుంచి బకాయిలు చేతికి రాక, కొందరు రైతులు వరికి మళ్లారు, మెరక వాళ్లు ఆయిల్‌పామ్ వేశారు, పల్లపు పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. 2024–29 పారిశ్రామిక విధానం ప్రధానంగా కొత్త పెట్టుబడుల కోసం తెచ్చింది. చెరువు తవ్విన పొలంలోకి చెరకును అది తిరిగి తేలేదు.

నన్నడిగితే మీ ఊరు ఇప్పుడు పట్టించుకోవలసింది ఫ్యాక్టరీ నేలని. ముంబైలో ఏం జరిగిందో చూడండి. 1982 జనవరిలో బట్టల మిల్లుల సమ్మె మొదలైంది, దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు దిగారు, తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాలు. 1991లో నిబంధన చేశారు: మిల్లు స్థలంలో కొత్తగా కట్టుకోవాలంటే ఒక వంతు పార్కులు, మైదానాలకి, ఒక వంతు సామాన్యుల ఇళ్లకి, మిగిలిన వంతు యజమానికి. మంచి నిబంధన. 2001లో దాన్ని సవరించి, ఆ వాటాల లెక్క ఖాళీగా ఉన్న జాగాకే వర్తిస్తుందన్నారు, 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను నిలబెట్టింది. షెడ్లు నిలిచి ఉన్న నేలంతా లెక్కలోంచి తప్పుకుంది, అక్కడ మాల్స్, టవర్లు లేచాయి. ఆ మిల్లుల్లో పని చేసినవాళ్లలో ఎంతమంది ఆ టవర్లలోకి వెళ్లగలరు చెప్పండి?

జర్మనీలో బోహుమ్ అనే బొగ్గుగనుల ఊరుంది. గనులు మూతపడుతుంటే 1962లో గని నేల మీదే ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ తెరిచారు, 1965లో విశ్వవిద్యాలయం మొదలైంది. ప్రభుత్వ రాయితీలు తీసుకున్న నోకియా 2008లో అక్కడి ఫ్యాక్టరీ మూసేసి రొమేనియాకి వెళ్లింది, మూడేళ్లకే అక్కడా మూసేసింది. రాయితీ కోసం వచ్చినవాళ్లు వెళ్లిపోవడం మన ఒక్కరి బాధే కాదు. 2014 చివర్లో ఓపెల్ కూడా మూతపడింది. అప్పుడు నగరం ఆ కంపెనీతో కలిసి ఒక సంస్థ పెట్టి, నేల శుభ్రం చేయించి, ముక్కలుగా వేరువేరు పనులకిచ్చింది. ఇప్పుడక్కడ పార్సిల్ హబ్ ఉంది, విశ్వవిద్యాలయం ల్యాబులున్నాయి. ఒక్క పెద్ద కంపెనీ మీద ఊరంతా ఆధారపడే పరిస్థితి ఆ నేల మీద మళ్లీ రాకుండా చూసుకున్నారు.

మీ దగ్గరా అలాంటి నేలే ఉంది, వెంచర్లు వేసేలోగా మేలుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి, అంటే ఆ నేల మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం. ఆ భూమి ఎప్పుడు, ఏ అవసరం కోసం సేకరించారో ఆర్టీఐ కింద కలెక్టర్ ఆఫీసుని అడగండి. అది పరిశ్రమకే ఉండాలని గ్రామసభలో తీర్మానం చేయించండి. మీ నాన్నగారిలాంటి ఫిట్టర్లు, బాయిలర్ నడిపినవాళ్లు, లేతు పనివాళ్లు ఇంకా ఉన్నారు. చుట్టూ రైస్ మిల్లులు, ఐస్ ప్లాంట్లు, చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు ఉన్నాయి, వీటి రిపేర్లకీ విడిభాగాలకీ ఎంత పని ఉంటుందో ఆ చేతులకి తెలుసు. ఆ జాగాలో పది చిన్న షెడ్లు, ఒక శిక్షణ కేంద్రం అడగండి. ప్రభుత్వం నియోజకవర్గానికో ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కు అంటోంది కాబట్టి మీ ఎమ్మెల్యే గారిని అడగడానికి ఇదే సమయం.

ఇంకో మాట. మీది సహకార సంఘానిది కాక కంపెనీ ఫ్యాక్టరీ అయి, 2016 దివాలా చట్టం కింద లిక్విడేషన్‌కి (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి) వెళ్తే, అంతకు ముందు 24 నెలల కార్మికుల బకాయిలకి తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా హక్కు ఉంటుంది. క్లెయిమ్ గడువు లోపల వేయాలి. ఇది చాలామందికి తెలియక పోగొట్టుకుంటున్నారు.

ప్రశ్న: మేం అల్లే లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందన్నారు. మా కూలి మాత్రం పెరగలేదు, ఎందుకండి?
– ఒక సోదరి, నరసాపురం

జవాబు: 2024లో వచ్చిన ఆ గుర్తింపు నరసాపురం లేసు అనే పేరుని కాపాడుతుందమ్మా, కూలి రేటుని కాదు. ఆ పేరుతో అమ్ముకునే హక్కు అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లది. మీరు ఏజెంటు ఇచ్చిన దారంతో ముక్కకింత అని అల్లుతుంటే లాభం ఆయన దగ్గరే ఆగుతుంది. మీ డ్వాక్రా సంఘంలో అల్లేవాళ్లంతా కలిసి, చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి మీ పేర్లతో దరఖాస్తు పెట్టండి. ముందుగా, గుర్తింపు తెచ్చిన సొసైటీ వాళ్లని కలిసి ఏ కాగితాలు కావాలో కనుక్కోండి.