విడాకులైతే నామినీ పేరు దానంతటదే పోతుందా?

ప్రశ్న: 2013లో పెళ్లైన కొత్తలో ఎల్ఐసీ పాలసీ తీసుకుని మా ఆవిడని నామినీగా పెట్టాను. పోయినేడు ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం. ఇప్పుడు అమ్మ పేరు పెట్టాలంటే మాజీ భార్య సంతకం కావాలని బాబాయ్, డిక్రీ వచ్చింది కాబట్టి ఆ పేరు ఎప్పుడో పోయిందని ఏజెంట్ అంటున్నారు. పాపకి ఆరేళ్లు, వాళ్లమ్మ దగ్గరే ఉంటోంది.
– పేరు వద్దన్న పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇద్దరిదీ తప్పేనండీ, కాకపోతే ఏజెంట్ మాట నమ్మి ఊరుకుంటే అసలుకే ఎసరు. డిక్రీ వచ్చినా నామినేషన్ కదలదు, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లకే ఎల్ఐసీ క్లెయిమ్ ఇచ్చేస్తుంది. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషేనని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, 2015లో ఇన్సూరెన్స్ చట్టం 39వ సెక్షన్ మార్చాక భార్యనో పిల్లల్నో తల్లిదండ్రుల్నో పెడితే ఆ డబ్బు వాళ్లదే, ఆ సవరణ తర్వాత చేతికొచ్చే పాత పాలసీలకీ ఇదే రూలు. మాజీ భార్య ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని రేపు కోర్టులో కొట్లాడాల్సింది మీ అమ్మగారు, ఈ వయసులో ఆవిడకెందుకీ తిప్పలు?

బ్రాంచ్‌కెళ్లి 3750 నంబరు ఫారం నింపివ్వండి, మాజీ భార్య సంతకం అక్కర్లేదు, మెచ్యూరిటీ లోపు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. మార్పు నమోదైనట్టు కాగితం మాత్రం అడిగి తీసుకోండి. వీలునామాలో రాసినా చెల్లుతుంది గానీ ఆ సంగతి ఎల్ఐసీకి రాతపూర్వకంగా తెలియకపోతే పాత నామినీకిచ్చేసి చేతులు దులుపుకుంటారు, అప్పుడు వాళ్లనేమీ అనలేం.

వెళ్లేముందు పాలసీ బాండ్ తీసి చూడండి. అందులో ఎండబ్ల్యూపీ యాక్ట్ అని ఉంటే, అంటే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకున్నదైతే, అది ట్రస్టు కిందకొస్తుంది, అందులో రాసిన భార్య పేరు మీరొక్కరే తీసెయ్యలేరు. అలాగే విడాకుల ఒప్పందంలో ఈ పాలసీ పాపకే అని రాసుకుని ఉంటే అమ్మ పేరు మాట మర్చిపోండి. పాప పేరు పెడితే మైనర్ కాబట్టి అపాయింటీ కావాలి, డబ్బు పాపదే గానీ తీసుకునేది ఆ అపాయింటీ, అది వాళ్లమ్మే అవ్వాలని రూలేం లేదు, మీకు నమ్మకమున్న తమ్ముడో చెల్లెలో ఉన్నా సరిపోతుంది.

ఉద్యోగం చేస్తుంటే పీఎఫ్‌లో, కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో కూడా మాజీ భార్య పేరే ఉండుంటుంది. ఇక్కడ మార్చితే అక్కడ మారదు, పీఎఫ్‌ది ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్, ఇన్సూరెన్స్‌ది హెచ్‌ఆర్‌ని అడగండి.