సొంత ఓఎస్ చేసుకుందామంటున్న మేనకోడలికి

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. ఫోన్లో అయితే సగం మాటలు గాల్లో పోతాయి, అందుకే కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు. మీ గోడౌన్లో సరుకు స్కాన్ చేసే హ్యాండ్‌హెల్డ్ మెషీన్‌కి గూగుల్ వాళ్ళ ఆండ్రాయిడ్ వద్దు, సొంత ఓఎస్ (మెషీన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) చేసుకుందాం అని మీ పార్ట్‌నర్ పట్టుబడుతున్నాడనీ, నీకూ అటే మొగ్గు ఉందనీ, నెలాఖరు మీటింగులో తేల్చేస్తామనీ రాశావు. "ఎన్నాళ్ళని అద్దె ఇంట్లో ఉంటాం మావయ్యా" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ బాధ నాకు తెలుసు. ఇంటి ఓనర్ ఎప్పుడు అద్దె పెంచుతాడో, ఎప్పుడు ఖాళీ చెయ్యమంటాడో తెలీని బతుకు ఎవరికీ వద్దు. కానీ సొంత ఇల్లు ఎక్కడ కడుతున్నాం, ఆ వీధికి నీళ్ళ కనెక్షన్ ఉందా, పాలవాడు వస్తాడా, కూరగాయల బండి వస్తుందా అనేవి పునాది తవ్వకముందే చూసుకోవాలి కదా. ఊరికి దూరంగా ఒంటరిగా కట్టిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా, ఆ బండివాడు నీ ఒక్కదాని కోసం రాడు.

నీ ప్రశ్నకి బాగా దగ్గరగా ఉన్నది హెచ్‌పీ కథ, అది చెప్తాను. హెచ్‌పీ అప్పట్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పీసీలు అమ్మే కంపెనీ. ఐప్యాక్ పేరుతో చేతి కంప్యూటర్లు, ఫోన్లు ఏళ్ళ తరబడి మైక్రోసాఫ్ట్ విండోస్ మొబైల్ మీద అమ్మింది. అలాంటిది 2010 ఏప్రిల్‌లో 120 కోట్ల డాలర్లకి పామ్ అనే కంపెనీని కొంటున్నామని ప్రకటించింది. అసలు కోరిక పామ్ చేతిలో ఉన్న వెబ్‌ఓఎస్ మీద. అవతల మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 7 తెస్తోంది, గూగుల్ ఆండ్రాయిడ్ ఊరికే ఇస్తానంటోంది, అయినా ఒకరి మీద ఆధారపడకూడదు, మెషీనూ మనదే ఓఎస్సూ మనదే అవ్వాలి అనుకున్నారు. సరిగ్గా మీ పార్ట్‌నర్ అంటున్న మాటే.

వెబ్‌ఓఎస్ నాసిరకం సరుకు కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. 2009లో వచ్చిన పామ్ ప్రీ ఫోను ఒక ఫ్రెండ్ అమెరికా నుంచి తెస్తే చేతిలో పట్టుకుని చూశాను. ఏట్లో దొరికే గులకరాయిలా నున్నగా, గుండ్రంగా ఉండేది. పైకి జరిపితే కింద నుంచి చిన్న కీబోర్డు బయటికొచ్చేది. దానికి విడిగా కొనుక్కునే చార్జింగు బిళ్ళ ఒకటి ఉండేది, ఫోన్ను దాని మీద పెట్టగానే అయస్కాంతంలా పట్టేసుకునేది, వైరు గుచ్చే పనే లేదు. తెరిచిన యాప్‌లన్నీ పేకముక్కల్లా పక్కపక్కనే నిలబడేవి, అక్కర్లేనిదాన్ని వేలితో పైకి విసిరేస్తే పోయేది. ఈ రోజు నీ చేతిలో ఉన్న ఫోన్లో నువ్వు చేసేది అదే. అంత ముందుచూపు ఉన్న సరుకు అది.

మరి ఏమైంది? దాని డిజైన్ వెనకున్న ముఖ్యమైన మనిషి మతియాస్ డ్వార్టే, కొనుగోలు ప్రకటన వచ్చిన కొన్ని వారాలకే గూగుల్‌కి వెళ్ళిపోయాడు. పామ్‌ను కొన్న సీఈఓ మార్క్ హర్డ్ అదే ఏడాది ఆగస్టులో రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన లియో అపోథెకర్ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చినవాడు, 2012 నుంచి మా పీసీల్లో కూడా వెబ్‌ఓఎస్ పెడతాం అని చెప్పాడు. కానీ అప్పటికే 2011 ఫిబ్రవరిలో, పాత పామ్ ఫోన్లు కొన్నవాళ్ళకి ఇస్తామన్న కొత్త వెర్షన్ ఇవ్వలేం అని కంపెనీ తేల్చేసింది. అందరికంటే ముందు నమ్మి డబ్బులు పెట్టినవాళ్ళకే మొండిచెయ్యి. యాప్‌లు రాసేవాళ్ళ పరిస్థితీ అంతే. ఫోన్లకి మోజో అనే పద్ధతిలో రాయమన్నారు, టాబ్లెట్‌కి వచ్చేసరికి ఎన్యో అని ఇంకో పద్ధతి తెచ్చారు, రాసిందంతా మళ్ళీ రాసుకోవాలి.

టచ్‌ప్యాడ్ టాబ్లెట్ 2011 జూలై 1న అమ్మకానికి వచ్చింది. 16 జీబీది 499 డాలర్లు, సరిగ్గా ఐప్యాడ్ 2 ధరే, బరువూ మందమూ ఎక్కువ, యాప్‌లు ఆ పక్కన పెడితే పిడికెడు. ఆగస్టు 18న, అంటే 49 రోజులకే, వెబ్‌ఓఎస్ మెషీన్లు ఆపేస్తున్నాం అని ప్రకటించారు. 499 డాలర్ల టాబ్లెట్ 99కి ఇచ్చేశారు. ఆ ధరకి జనం ఎగబడ్డారు. ఆ తర్వాత కొన్ని నెలలకే ఔత్సాహికులు అందులోకి ఆండ్రాయిడ్ ఎక్కించేశారు.

అందరూ దీన్ని "యాప్‌లు లేక పోయింది" అంటారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 కూడా ఏమంత గొప్పగా లేదు, యాప్‌లూ అంతంతే. ఏ ఓఎస్‌కైనా మొదటి రెండేళ్ళు నత్తనడకే. గూగుల్ వదల్లేదు, హెచ్‌పీ 49 రోజుల్లో వదిలేసింది, ఎందుకంటే దాన్ని కొన్న మనిషీ లేడు, గీసిన మనిషీ లేడు, మిగిలినవాళ్ళకి అది ఖర్చుల పట్టికలో ఒక లైను. కాబట్టి మీటింగులో నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న "మనం చెయ్యగలమా" అని కాదు అమ్మా, మీ టీమ్‌లో పిల్లలు తెలివైనవాళ్ళు, చేస్తారు. మూడో ఏడు, అమ్మకాలు అనుకున్నదాంట్లో సగం కూడా లేనప్పుడు, మీ పార్ట్‌నర్‌కి ఇంకో ఐడియా మీద మోజు పుట్టినప్పుడు, ఈ ఓఎస్‌కి కాపలా ఎవరు? ఆ మనిషి పేరు కాగితం మీద రాసి ఉండాలి, ఆ మనిషికి జీతం ఇచ్చే డబ్బు ఎక్కడిదో కూడా దాని పక్కనే రాసి ఉండాలి.

నా సంగతి ఒకటి చెప్తాను, నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 90ల చివర్లో నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో ఇంటి గుమ్మం దగ్గరే కరెంటు బిల్లు కొట్టి చింపి ఇచ్చే మెషీన్ చేశాం. ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ దగ్గర్నుంచి, ప్రింటర్‌ని పనిచేయించే డ్రైవర్ ప్రోగ్రాం దాకా అన్నీ మేమే రాశాం. అప్పటికి అది సరైన పనే, ఇప్పటికీ అదే అంటాను, ఎందుకంటే ఆ మెషీన్ పని ఒక్కటే, రీడింగ్ కొట్టడం, బిల్లు ఇవ్వడం. ఆ తర్వాత పేర్లు తెలుగులో కావాలన్నారు. మా దాంట్లో అక్షరం పక్కన అక్షరం పెట్టడమే తెలుసు, ఒత్తు కింద పెట్టడం తెలీదు. ట్రయల్‌కి ఒక పల్లెకి తీసుకెళ్తే "లక్ష్మి" అన్న పేరు "లక్‌ష్‌మి" అని మూడు ముక్కలై వచ్చింది. ఆవిడ ఆ చీటీ వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది నా పేరేనా బాబూ" అని అడిగింది. ఆ ఒత్తులు సరిచెయ్యడానికి మూడు నెలలు పట్టింది. ఆ లోపు మోడెం పెట్టి బిల్లులు వెంటనే ఆఫీసుకి పంపాలన్నారు. మోడెం ఇచ్చేవాడి దగ్గర డ్రైవర్ విండోస్ సీఈ, లైనక్స్ లాంటి పేరున్న ఓఎస్‌లకి ఉంది, మాకు లేదు. అంతలో కెర్నెల్ రాసినతను మానేశాడు. అతని దగ్గర్నుంచి అంతా కాగితం మీద పెట్టించుకోవడానికి రెండు వారాలు అడిగితే మేనేజ్‌మెంట్ ఇవ్వలేదు. మిగిలిన మేం ఇద్దరం ఎనిమిది నెలలు రాత్రీ పగలూ కూర్చుని మోడెం పనిచేయించాం. అప్పటికి ఆర్డరు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది.

మీరు మొదట రాసే ఓఎస్ ఖర్చు మీకు లెక్క తెలుస్తుంది. ఆ తర్వాత కస్టమర్ ఒక్కొక్కటీ అడుగుతాడు చూడు, కొత్త వైఫై, కొత్త ప్రింటరు, తమిళం, ఉర్దూ, ఫొటో తీసి పంపడం, దాని ఖర్చు ఏ లెక్కలోనూ ఉండదు.

పెద్ద కంపెనీ అయితే తట్టుకుంటుందా అంటే శాంసంగ్‌ను చూడు. 2010లో బాడా అనే సొంత ఓఎస్‌తో ఫోన్లు తెచ్చింది, తర్వాత ఇంటెల్‌తో కలిసి టైజెన్ చేసింది. టైజెన్ ఫోన్ జెడ్1 మొదట వచ్చింది మన దేశానికే, 2015 జనవరిలో, 5,700 రూపాయలకి. ఆ తర్వాత జెడ్2, జెడ్4 కూడా తెచ్చారు. ఇప్పుడు ఆ ఫోన్ల పేరు ఎత్తేవాళ్ళే లేరు. ఆండ్రాయిడ్ ఫోన్లు అమ్మి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న కంపెనీ తన సొంత ఓఎస్‌ని ఫోన్లో నిలబెట్టలేకపోయింది. కానీ అదే టైజెన్ ఇవాళ శాంసంగ్ టీవీల్లో ఉంది. వెబ్‌ఓఎస్ కూడా అంతే, హెచ్‌పీ వదిలేశాక 2013లో ఎల్‌జీ తీసుకుంది, ఇప్పుడు వాళ్ళ టీవీల్లో నడిచేది అదే. రెండూ చేతిలో చచ్చిపోయి గోడ మీద బతికాయి! టీవీకి కావాల్సిన యాప్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, రిమోట్ ఒకటే, పని ఒకటే, ఆ పనేంటో తయారు చేసేవాడికి ముందే తెలుసు. ఫోన్లో మాత్రం రేపు ఏం కావాలంటారో ఎవరికీ తెలీదు.

మీ హ్యాండ్‌హెల్డ్ ఇందులో ఏ వైపు ఉంది? నువ్వు రాసింది బట్టి చూస్తే, బార్‌కోడ్ చదవడం, స్టాకు ఎంట్రీ, ఇంతవరకూ అయితే టీవీ వైపే. కానీ మెసేజ్ చివర్లో "బండి డ్రైవర్లకి వాట్సాప్, మ్యాప్స్ కూడా కావాలంటున్నారు" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఆ ఒక్క ముక్కతో నువ్వు ఫోన్ వైపుకి వచ్చేశావు. జియోఫోన్ గుర్తుందా, 2017లో ప్రకటించారు, కైఓఎస్ మీద నడిచేది, వాట్సాప్ రావడానికి 2018 సెప్టెంబర్ అయింది. అంత పెద్ద కంపెనీ, అన్ని లక్షల ఫోన్లు పెట్టుకుని కూడా ఆగాల్సి వచ్చింది. మీ మూడు వేల మెషీన్ల కోసం వాట్సాప్ ఎవరు రాస్తారు?

హువావే చేసింది కదా అంటావేమో. హువావేకి దారి మూసుకుపోయింది, అది వేరే కథ. 2019 మేలో అమెరికా ఆంక్షలతో కొత్త ఫోన్లలో గూగుల్ సేవలు పెట్టుకునే వీలు పోయింది, ఆగస్టులో హార్మొనీఓఎస్ ప్రకటించారు. ఫోన్లలోకి వచ్చిన మొదటి వెర్షన్లు ఆండ్రాయిడ్ యాప్‌లనే నడిపాయి, ఆ ఆసరా తీసేసిన వెర్షన్ తేవడానికి 2024 దాకా పట్టింది. వెనక చైనా అంతటి మార్కెట్టు, వాళ్ళకంటూ సొంత యాప్‌లు. నీకు ఆ ఇబ్బందీ లేదు, ఆ బలమూ లేదు.

గూగుల్ అంటే మీకున్న భయం ఉత్తది కాదని కూడా చెప్పాలి. 2012లో ఏసర్ చైనాలో అలీబాబా వాళ్ళ అలియున్ ఓఎస్‌తో ఫోన్ విడుదల చేద్దామని అన్నీ సిద్ధం చేసుకుంటే, గూగుల్ అభ్యంతరం చెప్పడంతో ఆ కార్యక్రమమే రద్దయింది. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ షరతుల మీద గూగుల్‌కి 1,337 కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది. అయితే ఆండ్రాయిడ్ రెండు రకాలని మీ పార్ట్‌నర్‌కి విడమరిచి చెప్పు. కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ప్లే స్టోర్, మ్యాప్స్, జీమెయిల్ ముందే పెట్టి అమ్మాలంటేనే గూగుల్‌తో ఒప్పందం, సర్టిఫికేషన్, షరతులు. సొంత ఓఎస్‌కీ గూగుల్ షరతులకీ మధ్యనున్న దారే నా సలహా. గోడౌన్ లోపల వాడే మోడల్‌కి ఆ తెరిచిన కోడ్ తీసుకుని, అక్కర్లేనివన్నీ పీకేసి, మీ స్క్రీను, మీ స్కానరు బటను, మీ అప్‌డేట్ సర్వరు పెట్టుకోండి. డ్రైవర్లకిచ్చే మోడల్‌కి మాత్రం గూగుల్ సర్టిఫికేషన్ తీసుకోండి, అది లేని మెషీన్లో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. మీ లైన్లోనే ఉన్న జీబ్రా, హనీవెల్ విండోస్ సీఈ రోజులు అయిపోయాక ఆండ్రాయిడ్‌కి వచ్చాయి. జీబ్రా అయితే లైఫ్‌గార్డ్ పేరుతో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏళ్ళ తరబడి ఇస్తూ దాన్నే అమ్మకపు మాటగా చెప్పుకుంటుంది. మీరు గెలవగలిగేది ఆ చోట, కెర్నెల్ దగ్గర కాదు.

ఒక్క పనిలో మాత్రం మొహమాటపడకు. చిప్ అమ్మేవాడిని పట్టుకుని, ఈ చిప్‌కి డ్రైవర్లు, కెర్నెల్ ప్యాచ్‌లు ఏ సంవత్సరం దాకా ఇస్తావో రాసివ్వమను. నోటిమాట వద్దు, ఈమెయిల్ కూడా వద్దు, కొనుగోలు ఒప్పందంలో పెట్టించు. మెషీన్ అయిదేళ్ళు వాడతారని కస్టమర్‌కి చెప్పి, చిప్పువాడు రెండో ఏడే చేతులు దులుపుకుంటే, మీ ఓఎస్ సొంతమైనా అద్దెదైనా ఒకటే. అప్‌డేట్ మీ దగ్గర్నుంచే వచ్చిందని మెషీన్‌కి రుజువు చేసే డిజిటల్ సంతకం కీ ఎవరి దగ్గర ఉందో చూసుకో, ఒక్కడి లాప్‌టాప్‌లో ఉంటే ఈ వారమే మార్పించు. రాసిన ప్రతి డ్రైవర్ గురించి రాసినవాడు కాక ఇంకొకడు చదివి చెప్పగలగాలి, అది కుదరకపోతే ఆ పని అయిపోయినట్టు లెక్క వెయ్యకు.

అన్నీ విన్నాక కూడా సొంతదే అని మీరిద్దరూ అనుకుంటే, అడ్డుపడను, వచ్చి మీతోపాటు కూర్చుంటాను. అప్పుడు ఒక్క మోడల్‌తో, ఒక్క కస్టమర్‌తో మొదలుపెట్టండి, అదీ వాట్సాప్ అడగని కస్టమర్‌తో. మొదటి బ్యాచ్ కొన్నవాళ్ళకి ఇచ్చిన మాట ఏ పరిస్థితుల్లోనూ వెనక్కి తీసుకోవద్దు.

మీటింగుకి ముందు శనివారం ఖాళీ చేసుకో. మీ కస్టమర్లు మొదటి రోజు నుంచీ కావాలంటున్న యాప్‌ల పట్టిక, ఆ చిప్ ఒప్పందం కాపీ తీసుకుని ఇంటికి రా, మీ పార్ట్‌నర్‌ని కూడా తీసుకురా. అత్తయ్య పెసరట్లు వేస్తానంది.

మీ మావయ్య