బాయ్‌కాట్ సంగతి తర్వాత, ముందు ఆ 1,200 రూపాయల లెక్క తేల్చండి

ప్రశ్న: గోదావరి జిల్లాల్లో ఒక చిన్న కోర్టు ఊళ్లో ఎనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న మహిళా న్యాయవాదిని. 2023 జూలై 5న మా బార్ అసోసియేషన్ కోర్టు విధుల బహిష్కరణకు పిలుపిచ్చింది. ఆ రోజే నా క్లయింటు ఒకామె మనోవర్తి కేసు సాక్ష్యానికి ఉంది. చంటిబిడ్డను ఎత్తుకుని రెండు బస్సులు మారి వచ్చింది. వాయిదా అడగడానికి మనసొప్పక కోర్టులోకి వెళ్లాను. వారం తిరిగేసరికి, జూలై 12న, నా సభ్యత్వం రద్దు చేస్తూ తీర్మానం చేసి నోటీసు బోర్డులో అంటించారు. కారణం మాత్రం రెండేళ్ల చందా 1,200 రూపాయలు బాకీ అని రాశారు. ఆ డబ్బు ఏప్రిల్ 18నే అప్పటి కోశాధికారి నంబరుకు ఫోన్‌పే చేశాను. రసీదు ఇవ్వలేదు. అప్పటి నుంచి హాల్లో కుర్చీ లేదు, ఎవరూ సరిగా పలకరించరు. ఎన్నో వినతిపత్రాలు ఇచ్చాను. ‘కాస్త ఆగమ్మా, చూద్దాం’ అంటూ సీనియర్లు ఆపుతూ వచ్చారు. ఇప్పుడు ఎన్నికలొస్తున్నాయి, ఓటర్ల జాబితాలో నా పేరు లేదు. లీగల్ ఫ్రెటర్నిటీ, న్యాయవాదుల సోదరబంధం అంటే ఇదేనా సార్? అధ్యక్షుడి మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయనా, హైకోర్టులో రిట్ వేయనా? పాత తేదీతో రసీదు రాయిస్తానని ఒక మిత్రుడు అంటున్నారు. అది చాలా? (పేరు, ఊరు వద్దన్నారు.)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలు జరిగిన అవమానం గురించే. కేసు మాత్రం చివరి పేజీలో రెండు ముక్కల్లో ఉంది: ‘చందా బాకీ అని తీర్మానంలో రాశారు’, ‘డబ్బు కట్టాను, రసీదు లేదు’. మీ గెలుపోటములు ఈ రెండు ముక్కల మీదే ఉన్నాయి.

బాయ్‌కాట్ రోజు కోర్టుకు వెళ్లినందుకే తీసేశారని మీరంటున్నారు. నిజమే కావచ్చు. ఆ మాట మీద మీకు చట్టం బలంగానే ఉంది. ఎక్స్ కెప్టెన్ హరీష్ ఉప్పల్ కేసులో 2002 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని చెప్పింది. వకాల్తా తీసుకున్న లాయరు బహిష్కరణ పిలుపు పేరు చెప్పి కోర్టుకు రాకుండా ఉండకూడదని, వెళ్లిన వారిని సంఘం తీసేస్తానని బెదిరించడం కూడా కుదరదని స్పష్టంగా చెప్పింది. మీరు చేసింది తప్పు కాదు, చేయవలసిన పనే.

కానీ వాళ్లు తీర్మానంలో బాయ్‌కాట్ ఊసే ఎత్తలేదు. మీరు పంపిన ఫోటోలో తీర్మానం మొత్తం ఆరు వరుసలు. అందులో ఉన్నది ‘బకాయి’ ఒక్కటే. మీరు హరీష్ ఉప్పల్ తీర్పు పట్టుకుని వాదన మొదలుపెట్టారంటే అవతలి వకీలు లేచి, ‘ఆ తీర్పుతో మాకు పేచీ లేదండీ, చందా కట్టలేదు కాబట్టి తీసేశాం’ అని కూర్చుంటారు. అప్పుడు మీ చేతిలో ఏముంది? అందుకే ముందు ఆ 1,200 రూపాయల లెక్క తేలాలి. డబ్బు ఏప్రిల్ 18న చేరిందని రుజువైతే జూలై 12 తీర్మానానికి ఉన్న ఒకే ఒక్క కాలు విరిగిపోతుంది. అది విరిగాక ‘మరి ఎందుకు తీసేశారు’ అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. జూలై 5 సంగతి అప్పుడు పనికొస్తుంది.

ఇక సాక్ష్యం. ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. ఎనిమిదేళ్ల ప్రాక్టీసున్న మనిషి సంఘం చందాను ఒక వ్యక్తి సొంత నంబరుకు పంపి, రసీదు కోసం కనీసం ఒక ఉత్తరం కూడా అప్పుడే రాయకపోవడం ఏమిటి? మీ క్లయింటు ఇలా చేసి వస్తే ఏమంటారు? అంతకన్నా పెద్ద పొరపాటు, తీర్మానం చూసిన కోపంలో వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చేసి చాట్ అంతా డిలీట్ చేశానని రాశారు. డబ్బు పంపగానే కోశాధికారి ‘అందింది మేడమ్, రసీదు సోమవారం ఇస్తా’ అని పెట్టిన మెసేజ్ అందులోనే ఉందట. మీ కేసులో అన్నిటికన్నా విలువైన కాగితం ఆ ఒక్క మెసేజే. దాన్ని మీ చేత్తో మీరే చెరిపేశారు.

అయినా దారి లేకపోలేదు. ఆ మెసేజ్ గ్రూపులో పెట్టారా, మీకు విడిగా పెట్టారా అన్నది మీ ఉత్తరంలో స్పష్టంగా లేదు. గ్రూపులో అయితే మీ బ్యాచ్‌మేట్ ఎవరో ఒకరి ఫోన్లో ఇంకా ఉంటుంది. వారు దాన్ని తీసి ఇచ్చేటప్పుడు ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు. మీరు ఇప్పుడు వేసే కేసుకు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం వర్తిస్తుంది. దాని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. పాత చట్టంలో 65బి అని మనకు అలవాటైనదే, ఇప్పుడు అది ఎ, బి అని రెండు భాగాలు. ఎ భాగంలో ఫోన్ ఎవరిదో వారే సంతకం పెట్టాలి, మీరు కాదు. బి భాగం నిపుణుడిది. మెసేజ్ విడిగా వచ్చి ఉంటే మీ పాత ఫోన్ బ్యాకప్ చూపించండి. ఈ కేసు తేలే దాకా ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, ఎక్స్ఛేంజ్‌లో వేయకండి.

బ్యాంకు సంగతి తేలిక. ఫోన్‌పే స్క్రీన్ కాదు, మీ బ్రాంచికి వెళ్లి 2023 ఏప్రిల్ నెల ఖాతా వివరం బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద ధ్రువీకరించి ఇమ్మని అడగండి. అందులో తేదీ, మొత్తం, యు.పి.ఐ. రిఫరెన్స్ నంబరు ఉంటాయి. కానీ అది డబ్బు వెళ్లిందని చెబుతుంది గానీ ఎందుకు వెళ్లిందో చెప్పదు. చేబదులు తీర్చారని కోశాధికారి అన్నారనుకోండి? అందుకే ఆ మెసేజ్ ముఖ్యం అన్నాను. ఇంకొకటి, ఆ నెలలో ఆయన నంబరుకే చందా పంపి తర్వాత రసీదు తీసుకున్న వాళ్లు మీ బార్‌లో ఇంకా ఉండే ఉంటారు. ఇద్దరు దొరికినా చాలు, సంఘం చందాలు ఆ నంబరుకే వెళ్లేవని తేలిపోతుంది. పిటిషన్‌లో మాత్రం ఆయన డబ్బు తిన్నారని రాయకండి. అందుకున్నారని రాయండి. ఆయన మీకు సాక్షిగా పనికొచ్చే మనిషి, శత్రువును చేసుకోకండి.

జూలై 5 కోసం ఆ మనోవర్తి కేసు డాకెట్ షీటు (ఏ రోజు కోర్టులో ఏం జరిగిందో రాసే కాగితం) సర్టిఫైడ్ కాపీకి ఈ రోజే అప్లికేషన్ పెట్టండి. ‘పిటిషనర్ తరఫు న్యాయవాది హాజరు, సాక్షి విచారణ జరిగింది’ అని జడ్జిగారు రాయించిన ఒక్క వరుస చాలు. జూలై 5న హాజరు, జూలై 12న తొలగింపు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే ఎవరికైనా అర్థమవుతుంది.

మీరు జతచేసిన బైలాస్ (సంఘం నిబంధనలు) చదివాను. చందా ఏడాదికి మించి బాకీ ఉంటే, 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చిన తర్వాతే తొలగించాలని అందులో ఉంది. మీకు నోటీసు రాలేదంటున్నారు. మంచిది, ఇది మీ రెండో కాలు. నోటీసు ఇచ్చామని నిరూపించుకోవాల్సిన బాధ్యత వాళ్లది. మీ దగ్గరున్న బైలాస్ జిరాక్సు మాత్రం పాతది. తర్వాత సవరించారేమో తెలియదు కదా. సొసైటీ రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ప్రస్తుతం అమల్లో ఉన్న బైలాస్ సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి.

పాత తేదీ రసీదు సంగతికి వస్తాను. ఆ మిత్రుడికి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. రసీదు పుస్తకాలకు అచ్చు నంబర్లుంటాయి, అడుగు చీటీలుంటాయి, డే బుక్ ఉంటుంది. ఏప్రిల్ 2023 వరుసలో లేని నంబరు కోర్టులో పెడితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అయిదు నిమిషాలు కూడా నిలవదు. అదీ కాక, 2023 జూలై 14న మీరే అధ్యక్షుడికి రాసిన ఉత్తరంలో ‘డబ్బు కట్టాను, రసీదు ఇవ్వలేదు’ అని ఉంది. ఇప్పుడు రసీదు ఎక్కడి నుంచి ఊడిపడిందంటే ఏం చెబుతారు? నిజంగా కట్టిన డబ్బు కూడా అబద్ధమైపోతుంది. భారతీయ న్యాయ సంహితలో దొంగ పత్రం సృష్టించడానికి 336వ సెక్షన్, దాన్ని అసలుదిగా వాడినందుకు 340వ సెక్షన్ ఉన్నాయి. ఆపైన అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద మీ మీదే విచారణ. దాని చివరి శిక్ష రోలు నుంచి, అంటే బార్ కౌన్సిల్ ఉంచే న్యాయవాదుల జాబితా నుంచి పేరు తీసేయడం. ఇప్పుడు పోయింది సంఘంలో కుర్చీ. అప్పుడు పోయేది నల్లకోటు. ఈ ఆలోచన ఇంకొకరి దగ్గర నోటితో కూడా అనకండి.

సంఘం వేరు, రోలు వేరు అనే మాట మీకు బాగా పట్టాలి. లీగల్ ఫ్రెటర్నిటీ అంటే ఇదేనా అని అడిగారు. అమెరికా లా కాలేజీల్లో ఆ పేరుతో నిజంగానే సంఘాలున్నాయి. 1869లో మిషిగన్ యూనివర్సిటీ లా విద్యార్థులు ఫై డెల్టా ఫై అని పెట్టుకున్నారు, 1902లో ఫై ఆల్ఫా డెల్టా వచ్చింది. ఆ సంఘాల తలుపులు ఆడవాళ్లకు చాలాకాలం తెరుచుకోలేదు. 1908లో షికాగోలో మహిళా లా విద్యార్థులు కప్పా బీటా పై అని తమ సంఘం తామే పెట్టుకుని ముందుకు నడిచారు. ఏ సంఘంలో ఉన్నా, లేకపోయినా అక్కడ ప్రాక్టీసుకు అనుమతి ఇచ్చేది ఆ సంఘాలు కావు. ఇక్కడా అంతే. మీ ఎన్‌రోల్‌మెంట్ రాష్ట్ర బార్ కౌన్సిల్ రోలు మీద ఉంది. అడ్వకేట్స్ చట్టం 30వ సెక్షన్ ఇచ్చిన ప్రాక్టీసు హక్కును మీ ఊరి అసోసియేషన్ తీర్మానం తాకలేదు. 1987 నాటి న్యాయవాదుల సంక్షేమ నిధి చట్టం కింద వచ్చే నిధి సభ్యత్వం కూడా వేరే సంగతి. మీ పేరు అందులో సరిగా ఉందో లేదో విడిగా చూసుకోండి. ఇన్నాళ్లూ వకాల్తా వేయడానికి కూడా భయపడ్డానని రాశారు. ఆ భయం అక్కర్లేదు. రేపటి నుంచి తలెత్తుకుని కోర్టుకు వెళ్లండి.

అందుకే బార్ కౌన్సిల్ ఫిర్యాదు ఇప్పుడు వద్దంటాను. 35వ సెక్షన్ న్యాయవాది దుష్ప్రవర్తన గురించి. మీకు కావలసింది సభ్యత్వం. అధ్యక్షుడికి శిక్ష పడినా మీ సభ్యత్వం వెనక్కి రాదు. రిట్ కూడా ఇలాంటి ప్రైవేటు సంఘం మీద సాధారణంగా నిలబడదు. అక్కడ వేసి, ‘తగిన కోర్టుకు వెళ్లండి’ అనిపించుకుని వచ్చేలోగా మీ కాలపరిమితి అయిపోతుంది.

మీ దారి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లోని 23వ సెక్షన్. సొసైటీ వ్యవహారాల్లో సభ్యులకు వివాదం వస్తే ఆర్బిట్రేషన్‌కు గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చని అది చెబుతుంది. మీరు జిల్లా కోర్టుకే వెళ్లండి. మీ అసోసియేషన్ ఆ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో ముందు చూడండి. కాకపోతే 23 పనికిరాదు, మామూలు సివిల్ దావా వేయాలి.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టినది మీ తేదీలు. తీర్మానం 2023 జూలై 12. అది మీకెప్పుడు తెలిసిందన్న వాదనకు తావే లేదు, జూలై 14 ఉత్తరంలో ‘12వ తేదీన బోర్డులో చూశాను’ అని మీరే రాశారు. లిమిటేషన్ (కాలపరిమితి) చట్టంలో దరఖాస్తుకు 137వ ఆర్టికల్, తీర్మానం చెల్లదని ప్రకటించమని వేసే డిక్లరేషన్ దావాకు 58వ ఆర్టికల్. రెండింటికీ మూడేళ్లే. అంటే 2026 జూలై 12. అది ఆదివారం, కోర్టుకు సెలవు కాబట్టి సోమవారం వేస్తే అదే చట్టం 4వ సెక్షన్ కాపాడుతుంది. కానీ అంతదాకా ఎందుకు లాగడం? ఫైలింగ్‌లో ఏదో అభ్యంతరం రాసి రిటర్న్ కొడతారు, మధ్యలో వేసవి సెలవులున్నాయి. ఓటర్ల జాబితా ఇప్పుడే వచ్చింది కాబట్టి గడువు ఇప్పటి నుంచే లెక్క అనుకోకండి. హక్కు మొదటిసారి ఎప్పుడు దెబ్బతిందన్నదే 58 అడుగుతుంది. మీరిచ్చిన వినతిపత్రాలు పది కాదు, వంద ఇచ్చినా గడువు ఒక్క రోజు పెరగదు. దరఖాస్తుకు అదే చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని అడగవచ్చు, దావాకు అదీ లేదు. ‘సీనియర్లు ఆగమన్నారు’ అన్నది ఒక న్యాయవాది నోటి నుంచి వస్తే ఏ జడ్జి తగిన కారణం అంటారు?

పిటిషన్‌లో తీర్మానం చెల్లదని ప్రకటించమని, సభ్యత్వం పునరుద్ధరించమని అడగండి. 2023 మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాల అడుగు చీటీలు, డే బుక్ కోర్టుకు తెప్పించమని ఒక ఐ.ఎ. (మధ్యంతర దరఖాస్తు) వేయండి. ఎన్నికలు ఆపమని మాత్రం అడగకండి. నోటిఫికేషన్ వచ్చాక ఎన్నిక ఆపడానికి కోర్టులు తొందరగా ఒప్పుకోవు, పైగా బార్ మొత్తం మీ మీద తిరగబడుతుంది. తుది తీర్పుకు లోబడి ఓటు వేయనివ్వమని, కావాలంటే ఆ ఓటు విడిగా సీలు వేసి ఉంచమని అడగండి.

ఒక చోట జిల్లా కేంద్రం బార్‌లో కూడా సభ్యురాలినని రాశారు. అక్కడ ఓటు వేశారా? బి.డి. కౌశిక్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ‘ఒక బార్, ఒక ఓటు’ నిబంధనను, అంటే ఒక న్యాయవాదికి ఒకే బార్‌లో ఓటు అన్నదాన్ని సమర్థించింది. సంఘంలో ఓటు హక్కు నిబంధనల నుంచి పుట్టేదేనని చెప్పింది. మీ బైలాస్‌లో అలాంటిది ఉంటే అవతలివాళ్లు అడిగేలోగా మీరే తేల్చుకుని, ఎక్కడ ఓటు కావాలో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఈ వారం చేయవలసినవి నాలుగే. బ్యాంకు వివరం, డాకెట్ కాపీ, బైలాస్ కాపీ, అసోసియేషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. నోటీసుకు జవాబు కోసం పది రోజులు చూడండి, అంతకు మించి ఆగకండి. మీ కేసు మీరే వాదించుకోకండి, మీ ఊరి బార్‌తో సంబంధం లేని ఒక సివిల్ లాయరుకు వకాల్తా ఇవ్వండి. పాత ఫోన్ స్విచాఫ్ చేసి, ఛార్జరుతో సహా బీరువాలో పెట్టండి.