అసెంబ్లీ వద్దంటే కేంద్ర చట్టం ఆగుతుందా?

సందేహం: లాయర్ గారూ, నాకు చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఒక కేంద్ర కార్మిక చట్టం కింద నోటీసు వచ్చింది. ఆ చట్టం వద్దని మన అసెంబ్లీ తీర్మానం చేస్తే ఇక్కడ చెల్లదని, అందాకా జవాబు ఇవ్వొద్దని మా బావమరిది అంటున్నాడు. మరి 2014లో విభజన బిల్లును అసెంబ్లీ తిరస్కరించినా రాష్ట్రం విడిపోయింది కదా? అసలు అసెంబ్లీ మాటకు విలువ ఉందా, లేదా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

సలహా: ముందు నోటీసు సంగతి. అందులోని గడువు దాటకుండా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. తీర్మానం అంటే సభ తన అభిప్రాయం చెప్పడం, అంతే. పార్లమెంటు చేసిన చట్టాన్ని అది రద్దు చేయలేదు, ఆపనూ లేదు. పౌరసత్వ సవరణ చట్టం వద్దని 2019 డిసెంబరులో కేరళ, 2020 మార్చిలో తెలంగాణ శాసనసభలు తీర్మానాలు చేశాయి. ఆ తీర్మానాల వల్ల చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. కేరళ ప్రభుత్వం తీర్మానంతో సరిపెట్టుకోకుండా, కేంద్రంతో రాష్ట్రానికి వచ్చే వివాదాల కోసం రాజ్యాంగంలో ఉన్న ఆర్టికల్ 131 కింద సుప్రీంకోర్టులో దావా కూడా వేసింది.

ఇక విభజన బిల్లు. రాష్ట్రం హద్దులు గాని పేరు గాని మార్చే బిల్లును పార్లమెంటులో పెట్టేముందు రాష్ట్రపతి దాన్ని ఆ రాష్ట్ర శాసనసభకు పంపి, గడువు పెట్టి అభిప్రాయం అడగాలని ఆర్టికల్ 3 చెబుతుంది. అడగడం తప్పనిసరే గాని, వచ్చిన అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాలని ఎక్కడా లేదు. 1956లో బొంబాయి రాష్ట్రాన్ని మూడుగా చేయాలన్న ప్రతిపాదన మీద అక్కడి సభ అభిప్రాయం తీసుకుని, తర్వాత పార్లమెంటు ఆ ప్రతిపాదననే మార్చేసింది. మారిన ప్రతిపాదన మీద సభను మళ్లీ అడగాలి కదా అన్న వాదనను 1959లో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2014లో జరిగింది ఈ దారిలోనే. జనవరి 30న అప్పటి ఉమ్మడి రాష్ట్ర సభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి.

అలాగని ఆ చర్చ దండగ అని నేను అనను. నా బాధ వేరు. సభకు ఇచ్చిన గడువు జనవరి 23తో ముగియాల్సింది, మరో వారం పొడిగించారు. అందులో ఎన్నో రోజులు గొడవల్లోనే పోయాయి. తొమ్మిది వేలకు పైగా సవరణలు వచ్చాయి, క్లాజుల వారీగా ఓటింగ్ మాత్రం జరగలేదు. విభజన కావాలన్నవాళ్లయినా వద్దన్నవాళ్లయినా బిల్లులోని 9, 10 షెడ్యూళ్లలో (జాబితాల్లో) ఉన్న ప్రభుత్వ సంస్థల ఆస్తులు ఎలా పంచాలో పేరుపేరునా రాసి పంపి ఉండాల్సింది. చట్టంలో ఆ స్పష్టత లేక ఉన్నత విద్యామండలి నిధుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒప్పందం కుదరకపోతే జనాభా నిష్పత్తిలో పంచుకోవాలని కోర్టు 2016లో చెప్పాల్సి వచ్చింది. పదేళ్లు నిండేనాటికీ ఆ సంస్థల పంపకం పూర్తి కాలేదు. ఆ జాప్యం భారం రెండు రాష్ట్రాల ఉద్యోగుల మీద, పెన్షనర్ల మీద పడింది.

అసెంబ్లీ మాటే చెల్లే సందర్భాలూ ఉన్నాయి. పట్టణాల్లో ఒకరి దగ్గర ఉండే ఖాళీ స్థలానికి పరిమితి పెట్టిన పట్టణ భూపరిమితి చట్టం చూడండి. అది రాష్ట్రాల తీర్మానాల ఆధారంగా, ఆర్టికల్ 252 కింద 1976లో వచ్చిన చట్టం. అలాంటి చట్టం రద్దును కూడా రాష్ట్రం తీర్మానంతో స్వీకరించాలి కాబట్టి, 1999లో పార్లమెంటు దాన్ని రద్దు చేసినా ఆ రద్దు మనకు వెంటనే వర్తించలేదు. మన అసెంబ్లీ తీర్మానంతో దాన్ని స్వీకరించింది 2008లో. అప్పటిదాకా హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల స్థలాలున్నవాళ్లు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. జీఎస్టీ కోసం చేసిన రాజ్యాంగ సవరణకైతే సగం రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం కావాల్సి వచ్చింది.

మీ విషయానికి పనికొచ్చేది ఆర్టికల్ 254. కార్మిక సంక్షేమం, పారిశ్రామిక వివాదాలు ఉమ్మడి జాబితాలోని అంశాలు, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగలవి. అసెంబ్లీ తీర్మానంతో ఆగకుండా బిల్లే పాస్ చేసి, దానికి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే, కేంద్ర చట్టంతో తేడా ఉన్నా మన రాష్ట్రంలో ఆ మార్పే చెల్లుతుంది. 2013 నాటి భూసేకరణ చట్టాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో ఇలాగే సవరించుకున్నాయి. పార్లమెంటు తర్వాత మరో చట్టం చేసి ఈ మార్పును తీసేయగలదని కూడా గుర్తుంచుకోండి.

కాబట్టి మీ బావమరిదిని అడగండి: రాష్ట్ర సవరణ చట్టం ఉందా, గెజిట్‌లో ఎప్పుడు వచ్చింది, ఏ తేదీ నుంచి అమలు? ఆ కాగితం చూపిస్తే దాన్ని మీ జవాబులో ప్రస్తావించండి. లేకపోతే హాజరు పట్టీ, జీతాల రిజిస్టర్, పీఎఫ్ రసీదులు తీసుకుని గడువుకు ముందే మీ దగ్గరలోని లాయర్‌ను కలవండి. ఆ చట్టమే అన్యాయమని మీకు అనిపిస్తే ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. అక్కడ కూడా నోటీసుకు జవాబిచ్చారా అనే ముందు అడుగుతారు.